ఇరవై మూడో మాట

లోపల ఎనిమిదో నంబరు ఉంది. నాది పంతొమ్మిది. ఎగ్జామినరు ఒక్కొక్కర్నీ అయిదారు నిమిషాలు ప్రశ్నలడుగుతున్నాడు కాబట్టి నాకింకా గంట టైముంది, ఈ గంటసేపూ సైకాలజీ ల్యాబు బయట వరండాలో, ఈ పొడుగాటి బల్లమీద, ఒళ్ళో ప్రాక్టికల్ ఫైలు పెట్టుకుని కూర్చోవాలి. ఫిబ్రవరి ఎండ నా మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. పక్కన అజయ్ కళ్ళు మూసుకుని సెన్సరీ, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని జ్ఞాపకాల్లో రకాలు వల్లె వేస్తున్నాడు, మూడోదాని దగ్గర తడబడి మళ్ళీ మొదటికి వస్తున్నాడు. నా ఫైలుకు గోధుమరంగు అట్ట, అట్టమీద చీటీ, చీటీ మీద నా పేరు, మనీషా పద్మనాభం, పన్నెండో తరగతి, 1996. లోపల ఎనిమిది ప్రయోగాలు, చివర ఒక కేస్ స్టడీ. కేస్ స్టడీలో మనిషి పేరు రాయకూడదు, సబ్జెక్ట్ ఎ అనే రాయాలి. సబ్జెక్ట్ ఎ, స్త్రీ, ముప్ఫై తొమ్మిదేళ్ళు, గృహిణి, చదువు పదో తరగతి వరకు, భర్త ఎయిర్‌ఫోర్సులో వారంట్ ఆఫీసరు. సబ్జెక్ట్ ఎ మా అమ్మ. కేస్ స్టడీ పదకొండో పేజీలో ఆవిడ గురించి నేను రాసిన ముగింపు ఉంది, ఆ ఒక్క పేజీని మాత్రం దారంతో కుట్టలేదు. కావాలంటే లాగేయొచ్చు. ఇందాకటినుంచి నా బొటనవేలు ఆ పేజీ అంచుమీదే ఉంది.

బకెట్టు ఇనపదట. ఆ మాట విని ఎనిమిది రోజులైంది. నాకు మాత్రం ఇప్పటికీ నీలంగానే కనపడుతోంది, కళ్ళు మూసినా తెరిచినా అదే నీలం, తడిసిన సిమెంటు గచ్చు, కొళాయి చుక్కలు పడుతున్న చప్పుడు, బకెట్టు అంచు పైన చిన్న మడమ. మడమంటే ఎంత, మా అమ్మ చేసే పూరీ ఉండంత. పదకొండో తరగతిలో చేరిన మొదటివారం భట్నాగర్ మేడమ్ మా అందరికీ తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, మీకు గుర్తున్న అన్నిటికంటే పాత సంగతి రాయండి అన్నారు. అజయ్ తాతగారి గుర్రబ్బండి రాశాడు. ఒకమ్మాయి కుంభమేళాలో చెప్పులు పోగొట్టుకోవడం రాసింది. నేను గచ్చూ కొళాయీ బకెట్టూ మడమా రాసి ఇచ్చాను. మేడమ్ చదివి, అప్పుడు నీకెన్నేళ్ళు అనడిగారు. నాలుగు అన్నాను. ఆ కాలు ఎవరిది అన్నారు. బొమ్మది అన్నాను. ఆవిడ నా ముఖంకేసి చూసి, కాగితాన్ని మిగతా కాగితాల్లో కలపకుండా మడిచి నా చేతికే ఇచ్చేశారు.

అది బొమ్మది కాదని నాకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసో తెలియదు. మా ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నాకొక తమ్ముడుండేవాడనీ, పంజాబులో ఆదంపూర్ క్వార్టర్లలో ఉండగా పదినెలల వయసులో పోయాడనీ, వాణ్ణి చూస్తూ ఉండమని అమ్మ నాకు అప్పజెప్పిందనీ, నేను చూడలేదనీ, ఇవన్నీ నాకు మా ఇంటి పేరు తెలిసినట్టు తెలుసు. మేము ఆదంపూర్ నుంచి జోధ్‌పూర్, జోధ్‌పూర్ నుంచి తాంబరం, అక్కణ్ణుంచి ఢిల్లీ పాలం దగ్గరి ఈ క్వార్టర్లకు వచ్చాం, సామాన్లు మారాయి, మంచాలు మారాయి, కానీ ఏ ఊళ్ళోనైనా మా స్నానాలగదిలో బకెట్లు బోర్లించే ఉండేవి. నాన్న డ్యూటీకి వెళ్ళేముందు ఒకసారి ఆ గదిలోకి తొంగిచూసేవాడు, వచ్చాక ఒకసారి చూసేవాడు. ఇంట్లో పసిపిల్లలెవరూ లేకపోయినా చూసేవాడు. ఏదైనా బకెట్టు నిటారుగా ఉంటే తనే వంగి బోర్లించేవాడు, ఒక్క మాటా అనేవాడు కాదు. నన్ను ఎప్పుడూ కొట్టలేదు, తిట్టలేదు. ఎత్తుకున్నట్టు కూడా గుర్తులేదు. బాబాయి పెళ్ళిలో ఎవరో పిన్ని తన చంటిపిల్లను నా ఒళ్ళో పడుకోబెట్టి చీర మార్చుకోవడానికి వెళ్ళబోతే నాన్న పందిట్లోంచి లేచివచ్చి, దానికి పిల్లల్ని ఇవ్వకు అన్నాడు, మెల్లిగానే అన్నాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆ పిల్ల తల కింద నా చెయ్యి ఇంకా వెచ్చగా ఉండగానే పిల్లను తీసేసుకున్నారు. అంతకు ముందు బాపట్ల దగ్గర నాన్నమ్మగారింట్లో, నాకు జడ వేస్తూ నాన్నమ్మ పక్కింటావిడతో అన్న మాట ఒకటుంది, తమ్ముణ్ణి మింగిన పిల్ల అని. మింగడం అంటే ఏమిటో నాకు తెలుసు, మాత్ర మింగుతాం, అన్నం మింగుతాం. చాలారోజులు అన్నం ముద్ద గొంతు దిగేటప్పుడు భయమేసేది.

అందుకే ఈ సబ్జెక్టు తీసుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సైకాలజీయా, పిచ్చివాళ్ళ చదువా అని క్వార్టర్లలో ఆంటీలందరూ నవ్వారు, కామర్స్ తీసుకో, బ్యాంకు పరీక్షలు రాసుకోవచ్చని నాన్న అన్నాడు. నాకు బ్యాంకు అక్కర్లేదు. నాలుగేళ్ళ పిల్ల, చూస్తూ చూస్తూ, ఎందుకు కేకెయ్యలేదో ఏదో ఒక పుస్తకంలో ఉంటుందనుకున్నాను. పుస్తకం వచ్చిన రోజే చివరి పేజీల్లో సూచిక అంతా వేలుపెట్టి వెతికాను. లేదు. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే ప్రయోగం ఉంది, అర్థంలేని అక్షరాలు గుర్తుపెట్టుకునే ప్రయోగం ఉంది. గీశాను, గుర్తుపెట్టుకున్నాను. మొన్న దసరా సెలవుల ముందు మేడమ్ జ్ఞాపకం పాఠం చెబుతూ, మనం చూసినవాటినే గుర్తుపెట్టుకుంటామని అనుకోకండి, ఇంట్లో అందరూ పదేపదే చెప్పుకునే సంగతి కొన్నాళ్ళకు మనం కళ్ళారా చూసినట్టే బొమ్మ కడుతుంది, రంగులతో సహా, చప్పుళ్ళతో సహా, అన్నారు. కిటికీ బయట పాలంలో దిగబోతున్న విమానం చప్పుడుకు ఆవిడ ఆగారు, విమానం వెళ్ళిపోయాక వేరే పాఠం మొదలుపెట్టారు. నేను ఆ పాఠంలోంచి బయటికి రాలేదు. మా ఇంట్లో పదేపదే చెప్పుకోరు. మా ఇంట్లో అసలు చెప్పుకోరు. కానీ నాన్నమ్మ చెప్పింది, నాన్న వంగి బకెట్టు బోర్లించిన ప్రతిసారీ చెప్పాడు.

పన్నెండో నంబరు లోపలికి వెళ్ళింది. ఎండ మోకాళ్ళు దాటి ఫైలు మీదికొచ్చింది. అమ్మకు టెస్టు పెట్టినరోజు కూడా ఇలాగే ఎండ, జనవరి ఎండ, పొగమంచు విడిచిన పదకొండు గంటల ఎండ. అమ్మ వెనక వరండాలో చాపమీద కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. కేస్ స్టడీకి ఎవర్నైనా తెలిసినవాళ్ళను తీసుకోమన్నారమ్మా, నిన్ను తీసుకుంటాను, నలభై మాటలు చెప్తాను, ఒక్కొక్క మాట వినగానే మనసులోకి ఏదొస్తే అది చెప్పు అన్నాను. నాకేం తెలుసే అంటూనే అమ్మ ఒప్పుకుంది, అనుమతి కాగితం మీద తెలుగులో గుండ్రంగా, అన్నపూర్ణేశ్వరి అని పూర్తిపేరు సంతకం పెట్టింది, చేతికంటిన బఠానీ పచ్చ కాగితం మీద కూడా పడింది. స్కూలు స్టాప్‌వాచ్ నా చేతిలో ఉంది. ఇల్లు అన్నాను, బదిలీ అంది. సెకన్నర. రైలు, మరచెంబు. రెండు సెకన్లు. అన్నం, పొయ్యి. మేము మాటలు తయారుచేసుకునేటప్పుడు మేడమ్ చెప్పారు, మీకు కావలసిన మాటను మామూలు మాటల మధ్యలో దాచాలని. నేను పదిహేడో మాటగా బకెట్టు పెట్టాను. బకెట్టు అన్నాను. ఇనుము అంది అమ్మ. రెండు సెకన్లు కూడా పట్టలేదు. గింజలు డబ్బాలో పడుతూనే ఉన్నాయి. పద్దెనిమిది, పంతొమ్మిది, దీపం, చలి, పాట, అన్నీ మామూలుగా వచ్చాయి. ఇరవై మూడోది నిద్ర. అది నేను ఊరికే, ఖాళీ నింపడానికి పెట్టిన మాట. నిద్ర అన్నాను. అమ్మ చేతిలో కాయ చీలి అలాగే ఉండిపోయింది. అయిదు సెకన్లు, తొమ్మిది, పదిహేను. గింజలు కాయలోనే ఉన్నాయి, అమ్మ కళ్ళు వాటి మీదే ఉన్నాయి. ఇరవై రెండు సెకన్లకు, లేదు, అంది. లేదంటే ఏంటమ్మా అన్నాను. మాట చెప్పమన్నావు, చెప్పాను కదా అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. మిగతా పదిహేడు మాటలు మధ్యాహ్నం చెప్పింది. అవన్నీ రెండేసి సెకన్లే.

నేను బకెట్టు దగ్గర ఆగుతుందనుకున్నాను. నా బకెట్టు దగ్గర. పట్టిక చూసి భట్నాగర్ మేడమ్ పెన్సిలుతో ఇరవై మూడు చుట్టూ సున్నా చుట్టి, ఇక్కడేదో ఉంది, కానీ అడగాలో వద్దో నువ్వే ఆలోచించుకో, ఆవిడ నీకు సబ్జెక్ట్ మాత్రమే కాదు అన్నారు. అప్పటికి నాకు అర్థంకాలేదు. ఆదంపూర్‌లో మా పక్క క్వార్టరులో ఉన్న మాణిక్యాంబ ఆంటీ వాళ్ళు రిటైరయ్యాక నోయిడాలో ఉంటున్నారు, అంకుల్ అక్కడేదో ఫ్యాక్టరీలో సెక్యూరిటీ ఆఫీసరు. కొత్త సంవత్సరానికి గ్రీటింగ్ కార్డు పంపుతారు, దానిమీద అడ్రసుంటుంది. పోయిన ఆదివారం గ్రూప్ స్టడీ అని ఇంట్లో చెప్పి ధౌలా కువాఁలో బస్సు మారి వెళ్ళాను. గంటన్నర పట్టింది. యమున దాటుతుంటే వంతెన కింద నీళ్ళ మీద తెల్లటి నురగ, పక్క సీటాయన ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు, నేను ముక్కు మూసుకోవడం కూడా మరిచిపోయాను.

ఆంటీ నన్ను చూసి గుర్తుపట్టలేదు, పేరు చెప్పాక దగ్గరికి తీసుకుని నా ముఖం చేత్తో తడిమింది. పకోడీలు వేస్తానంది. ఏమీ వద్దు, తమ్ముడు పోయిన రోజు గురించి అడగడానికొచ్చాను అన్నాను. ఆవిడ స్టవ్ కట్టేసి వచ్చి కుర్చీలో కూర్చుంది.

“అచ్ఛా, అందుకొచ్చావా,” అంది. “నువ్వా పొద్దున్న పదింటినుంచీ మా ఇంట్లోనే ఉన్నావమ్మాయ్. మా శరణ్యా నువ్వూ మరమరాల డబ్బా బోర్లించుకుని కూర్చున్నారు. మీ అమ్మకి మూడ్రోజుల్నించీ జ్వరం. డాక్టరిచ్చిన మాత్రేసుకుని పిల్లాణ్ణి పక్కలో పెట్టుకుని పడుకుంది. నిద్ర పట్టేసింది. వాడు పాక్కుంటూ వెళ్ళిపోయాడు.”

నేను చూశాను కదా ఆంటీ, నీలం బకెట్టు, అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది. నీలం కాదు, ఇనప బకెట్టు, అందరిళ్ళల్లోనూ అవే ఉండేవి, నీలం ప్లాస్టిక్‌ది మీ నాన్న తర్వాతెప్పుడో కొన్నాడు, అంది ఆవిడ. కబురంది నాన్న డ్యూటీనుంచి పరిగెత్తుకొచ్చాడట. వాకిట్లో పదిమంది ఉన్నారట. పిల్లాడి దగ్గర ఎవరున్నారని అడిగాడట. పెద్దదాన్ని చూస్తూ ఉండమన్నాను, అందట అమ్మ. ఆ క్షణాన ఆంటీ నన్ను చంకనెత్తుకుని అక్కడే నిలబడి ఉందట. నా గుప్పెట్లో ఇంకా మరమరాలు ఉన్నాయట.

“మీరెందుకు చెప్పలేదు?” అన్నాను.

“చెప్తే మీ అమ్మని బతకనిచ్చేవాళ్ళా? మీ నాన్నమ్మ సంగతి నీకు తెలీదు. నాలుగేళ్ళ పిల్లనైతే ఎవరేమంటారు, మర్చిపోతుంది అనుకున్నా.” కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. “మేమిద్దరం అనుకుని చేసింది కాదమ్మా. ఇవాళ్టిదాకా నేనూ అదీ ఆ మాటే ఎత్తుకోలేదు.”

పదిహేను. అజయ్‌ది పద్దెనిమిది, వాడు లేచి నిలబడి స్వెట్టరు సర్దుకుంటున్నాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఆరోజు తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకు కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. కోపం మర్నాడు వచ్చింది, అమ్మ నా జడకు నూనె రాస్తుంటే వచ్చింది, ఆ వేళ్ళు నా తలలో తిరుగుతుంటే, ఈ వేళ్ళేనా అనిపించింది, తల లాక్కున్నాను. పదమూడేళ్ళు. పదమూడేళ్ళు నాన్న నన్ను దూరంనుంచి చూశాడు. రైల్లో ఎదుటి బెర్తుమీద పసిపిల్ల ఉంటే నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకునేవాడు. పదమూడేళ్ళు ఈవిడ అదంతా చూస్తూ ఊరుకుంది. నాన్నమ్మ పక్కింటావిడతో ఆ మాట అన్నరోజు కూడా వంటింట్లోనే ఉంది, పప్పు రుబ్బుతోంది, రుబ్బురోలు చప్పుడు ఆగడం నాకు గుర్తుంది. లేక అది కూడా నేను ఇప్పుడు కట్టుకున్న బొమ్మేనా. ఏది చూశానో ఏది విన్నానో, ఏది ఈ ఎనిమిది రోజుల్లో చేర్చుకున్నానో నాకు తెలియడం లేదు. ఒకటే తెలుసు, ఆ గచ్చుమీద నేను నిలబడలేదు. నిలబడలేదని తెలిశాక బొమ్మ పోవాలి కదా. పోలేదు. ఎవరూ చూడని చోట నన్ను నిలబెట్టి తలుపు వేసేశారు, నేనక్కడే ఉన్నాను, కొళాయి చుక్కలు లెక్కపెడుతూ.

ఆ కోపంతోనే పదకొండో పేజీ రాశాను. సబ్జెక్ట్ ఎ తన తప్పును మరొకరి మీదికి నెట్టి, దాన్ని దాచుకోవడం వల్ల, అని మొదలవుతుంది. ఇంగ్లీషులో రాసింది అమ్మ చదవలేదు. ఇవాళ పొద్దున్న నేను బూట్లు తొడుక్కుంటుంటే గుమ్మంలో నిలబడి, ఫైల్లో నా గురించి ఏం రాశావే అనడిగింది. మామూలుగా అడిగింది. నేను తలెత్తకుండా, నిద్ర గురించి అన్నాను. లేసు ముడి వేశాను, రెండోది కూడా వేశాను. అంతసేపూ గుమ్మంలో ఆ పాదాలు కదల్లేదు. వెండి మట్టెలు, పగిలిన మడమలు, వెడల్పు పట్టీ చెప్పులు. వెళ్ళొస్తానని చెప్పకుండానే వచ్చేశాను.

అజయ్ బయటికొచ్చాడు, బాగానే అడుగుతున్నాడు, ముసలాయనకు జలుబు చేసింది, టీ తాగుతున్నాడు, అని చెప్పాడు. పంతొమ్మిది అని ప్యూన్ పిలిచాడు. పేజీ లాగేద్దామనుకున్నాను, వేళ్ళ మధ్య పట్టుకున్నాను కూడా, ఇంతలో లోపల ఉన్నాను.

ఎగ్జామినరు రోహ్‌తక్ వైపు ఏదో కాలేజీ నుంచి వచ్చినాయన, మెడకు మఫ్లరు, బల్లమీద రుమాలు. పక్కన భట్నాగర్ మేడమ్. నక్షత్రం ప్రయోగం అడిగాడు, చెప్పాను. షార్ట్ టర్మ్ ఎంతసేపు నిలుస్తుందన్నాడు, చెప్పాను. చప్పున కేస్ స్టడీకి వెళ్ళాడు, పట్టిక మీద వేలు పైనుంచి కిందికి జారుతూ వచ్చింది. ఆగింది. అన్నీ రెండు సెకన్లయితే ఇరవై మూడోదానికి ఇరవై రెండు ఏమిటి, కారణం ఏమై ఉంటుందని హిందీలో అడిగాడు. కారణం పదకొండో పేజీలో ఉంది, ఆయన ఇంకా అక్కడికి వెళ్ళలేదు. మేడమ్ నన్నే చూస్తున్నారు. చెప్పేయొచ్చు. ఇక్కడ, ఈ మఫ్లరాయన ముందు, రోల్ నంబరూ సబ్జెక్ట్ ఎ తప్ప ఇంకేమీ లేని ఈ గదిలో చెప్పేస్తే చాలు, ఒక్క మనిషికైనా తెలుస్తుంది నేను కాదని. నోరు తెరిచాను.

“ఆరోజు ఆవిడకి జ్వరం సార్,” అన్నాను.

అన్నాక నా మాట నాకు వినపడింది. ఆయనకు అర్థమైన రోజు వేరు, నేనన్న రోజు వేరు. నేనన్న రోజున అమ్మకు ఇరవై ఆరేళ్ళు. మూడ్రోజుల జ్వరం. వంట చేసిపెట్టే దిక్కులేని ఊరు, భాష రాని ఊరు, పది నెలల పిల్లాడు పక్కలో. మాత్ర వేసుకుని కళ్ళు మూసింది. తెరిచేటప్పటికి పక్క ఖాళీగా ఉంది, ఆ ఖాళీని చేత్తో తడిమి చూసుకుని ఉంటుంది, నిద్రమత్తులో, ఇంకా ఏమీ తెలియకుండా. ఎనిమిది రోజులుగా నేను వాకిట్లో పదిమంది ముందు అబద్ధమాడిన మనిషినే చూస్తున్నాను. ఆ మంచంమీద లేచి కూర్చున్న మనిషిని చూడలేదు. ఎగ్జామినరు తుమ్మి, జ్వరం ఉన్నప్పుడు టెస్టు పెట్టకూడదు, పెట్టినా రాయాలి కదా, అలా అయితే ఈ ఫలితం చెల్లదు, అన్నాడు. సారీ సార్ అన్నాను. చెల్లదు కనుక ముగింపు చదవనక్కర్లేదని ఫైలు మూసి సంతకం పెట్టాడు. రెండు మార్కులు పోయినట్టే. మేడమ్ ఫైలు నాకిస్తూ, వెళ్ళు, అని ఒక్కమాటే అన్నారు. వరండా చివర పదకొండో పేజీ లాగి, నాలుగు ముక్కలు చేసి, చెత్తడబ్బాలో వేశాను.

గేటు బయట అమ్మ ఉంది. స్కూలుకు ఎప్పుడూ ఒంటరిగా రాదు, నాన్నతోనే వస్తుంది, అదీ రిజల్టు రోజున. ఇప్పుడు శాలువా కప్పుకుని, చేతిలో సంచీ కూడా లేకుండా, శనక్కాయలమ్మే బండి పక్కన నిలబడి ఉంది. ఎంతసేపైంది వచ్చి అనడిగాను. నువ్వు వచ్చేశాక వెనకే బయల్దేరానంది. అంటే మూడు గంటలు. ఇద్దరం బస్టాపు వైపు నడిచాం.

“ఎవర్నడిగావు?” అంది.

“మాణిక్యాంబ ఆంటీని.”

ఊఁ అంది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. మిలిటరీ ట్రక్కొకటి మమ్మల్ని దాటేదాకా ఆగింది.

“ఆరోజు నువ్వు ఇంట్లో లేవమ్మా. నేను నిద్రపోయాను.” ట్రక్కు వెళ్ళినవైపే చూస్తూ చెప్పింది. “మీ నాన్న అడిగేసరికి నోటికి ఆ మాటొచ్చేసింది. తర్వాత వెనక్కి తీసుకుందామనుకున్నా. రేపు రేపనుకున్నా. నువ్వు చిన్నదానివి, నీకు తెలీదనుకున్నా. నీకు తెలుస్తోందని తెలిశాక చెప్పే ధైర్యం లేకపోయింది.”

మళ్ళీ నడక మొదలుపెట్టాం. సాయంత్రం నాన్న రాగానే చెప్తానంది. నాన్నమ్మకు చెప్పడానికి లేదు, పోయింది కదా అంది. ఆయనేమన్నా పడతానంది. నేను పక్కనుంటాను అన్నాను. వద్దు, నువ్వా టైముకి ఇంట్లో ఉండొద్దు, ఎటైనా వెళ్ళు, అంది, అని తనే ఆ మాట విని గతుక్కుమంది, ఉండు, ఉంటే ఉండు, అంది. బస్సొచ్చింది. మధ్యాహ్నం కనుక ఖాళీ. కిటికీ వైపు నన్ను కూర్చోమంది. టికెట్లు తీసుకుని చాలాసేపు వాటిని మడుస్తూ విప్పుతూ ఉంది.

“నీకు ఏదో కనపడేది కదా,” అంది. “నిద్దట్లో కూడా కొళాయి కట్టెయ్యమని అరిచేదానివి. ఇక కనపడదు కదా?”

కనపడుతోంది. ఇప్పుడు, బస్సు అద్దం మీద ఎండ పడుతుంటే కూడా కనపడుతోంది, ఆ నీలంలో ఒక్క పిసరు తగ్గలేదు.

“కనపడదమ్మా,” అన్నాను.

అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు నాకొక సంగతి తట్టింది. వాడి గురించి నాకున్నది ఒకే ఒక్క జ్ఞాపకం, అదీ నేను చూడనిది. పదినెలలు ఒకే ఇంట్లో ఉన్నాం, బతికున్న వాడు నాకు ఒక్క క్షణం కూడా లేడు. ముఖం లేదు, ఏడుపు లేదు. ఇంట్లో ఫోటో లేదు. పేరు కూడా ఎవరూ అనరు.

వాడెలా ఉండేవాడమ్మా అనడిగాను.

అమ్మకు ఎన్ని సెకన్లు పట్టిందో నేను లెక్కపెట్టలేదు. తర్వాత, కిరీటి, అంది, పేరు పలకడం అలవాటు తప్పి మొదటి అక్షరాన్ని రెండుసార్లు పలికింది. నల్లగా ఉండేవాడు, మీ నాన్న పోలికే, అంది. కింద రెండు పళ్ళొచ్చాయి. విమానం చప్పుడైతే ఆకాశంలోకి కాదు, ఇంట్లో కప్పుకేసి చూసేవాడు, అక్కడే తిరుగుతోందనుకునేవాడు. ఎవరి దగ్గరికైనా వెళ్ళేవాడు గాని నువ్వు కనపడితే మాత్రం ఎత్తుకున్నవాళ్ళ చేతుల్లోంచి కిందికి జారిపోయేవాడు. నీ జడ పట్టుకుని నించునేవాడు, నువ్వు ఏడ్చేదానివి గాని వదిలించుకునేదానివి కాదు. నీ పేరు చెప్పడం రాదు, మా అనేవాడు, నన్నేమో అసలు పిలిచేవాడే కాదు. అమ్మ చెబుతుంటే ముఖం ఎర్రబడింది, కళ్ళు ధారలు కడుతున్నాయి, మాట ఆపలేదు, ఒకదానివెనక ఒకటి, పదమూడేళ్ళు ఎక్కడ పెట్టుకుందో. నేను వింటున్నాను. కప్పుకేసి తలెత్తిన నల్లటి పిల్లాడు. జడ లాగుతున్న గుప్పెట. ఇవి నేను చూసినవి కావు, ఇప్పుడు విన్నవి, మేడమ్ చెప్పిన పాఠం ప్రకారం కొన్నాళ్ళకు చూసినట్టే అవుతాయి, రంగులతో సహా. తెలిసే వింటున్నాను. ఒక్కొక్కదాన్నీ పదిలంగా లోపల పెట్టుకుంటున్నాను.

మా స్టాపు వచ్చింది. కండక్టరు పేరు చెప్పి అరిచాడు. అమ్మ ముఖం తుడుచుకుని సీటు పట్టుకుని లేచింది. నేను ఆవిడ చెయ్యి పట్టి వెనక్కి లాగి కూర్చోబెట్టాను.

“తర్వాతి స్టాపులో దిగుదాం,” అన్నాను. “ఇంకా చెప్పు.”